రాని మనిషి వాటా

టాక్సు లెక్కలంటే నాకు ఇష్టం. పెళ్ళిళ్ళలో ఈ మాట అంటే మా చుట్టాలు నవ్వుతారు. మార్చి నెల వచ్చేసరికి ఆ నవ్వినవాళ్ళే కాగితాల సంచీ పట్టుకుని నా ఆఫీసు మెట్లెక్కుతారు. బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం మీద మేడగది నా ఆఫీసు. కింద బేరాలు, పైన నేను. నోటిదురుసు మనిషినని ఊళ్ళో పేరుంది, కాదనను. దొంగబిల్లు తెచ్చినవాణ్ణి కూర్చోమనకుండానే పంపేస్తాను.

ఆ మేడగదికి ఒకరోజు చేపల స్టార్టప్ నడిపే అబ్బాయి వచ్చాడు. అబ్బాయంటున్నాను గానీ ముప్ఫైకి దగ్గరపడ్డ మనిషి, కంపెనీకి యజమాని. సముద్రం పక్కన మార్కండి అనే ఊళ్ళో పడవలు ఒడ్డు చేరగానే చందువా, కోనాం చేపలు కొని, అక్కడే శుభ్రం చేయించి, ముక్కలు కోయించి, ఐసు పెట్టెల్లో బరంపురం ఇళ్ళకి చేరుస్తాడు. పొద్దున్నే ఫోనులో ఆర్డరు పెడితే అన్నం ఉడికేలోపు చేప గుమ్మంలో ఉంటుంది. మా ఇంటికీ అతని చేపే వస్తుంది, బాగుంటుంది.

ఆ చేప కోసేది మార్కండి ఆడవాళ్ళు. వాళ్ళు కంపెనీకి జీతగాళ్ళు కారు. తూకాన్ని బట్టి కూలి మాట్లాడుకుని, స్వతంత్రంగా పని ఒప్పుకున్నవాళ్ళు. అలాంటివాళ్ళకి డబ్బిచ్చేటప్పుడు కంపెనీ అందులోంచి కొద్దిగా పన్ను కోసి కట్టాలి. ఎవరి పాన్ కార్డు మీద ఎంత ఇచ్చిందీ, ఎంత కోసిందీ మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను శాఖకి చెప్పాలి. ఇతను ఏడాదిపాటు ఆ పని వీడియోలు చూసి తనే చేసుకున్నాడు.

"అంతా సరిగ్గానే ఉంది మేడం, ఒక్కసారి సూసీసి సంతకం పెట్టీండి," అన్నాడు ధీమాగా.

చూశాను. కోత కూలి మొత్తం ఒకే ఒక్క ఆడమనిషి పేరు మీద ఉంది.

"ఎవరీవిడ? మార్కండిలో పడ్డ చేపంతా ఒక్కతే కోసేసిందా?"

"ఆళ్ళ పెద్ద, మేడం. డబ్బులెవరికి ఇవ్వాలంటే అందరూ ఆవిణ్ణే సూపించారు. ఆవిడ పాన్ ఇచ్చారు, ఆవిడ అకౌంటే ఇచ్చారు. ఏటి, తప్పా?"

తప్పేమిటో చెప్పేలోపు అతనే ఇంకో సంగతి బయటపెట్టాడు. ఆవిడ ఫోనుకి పన్ను శాఖ నుంచి మెసేజీ వచ్చిందట, ఇంత ఆదాయం ఉంది, రిటర్ను వేయమని. ఆవిడ వితంతువు, పింఛను వస్తోంది. పంచాయతీ ఆఫీసులో అడిగితే, ఆదాయం నిజంగా అంతుంటే పింఛను ఆగిపోతుందన్నారట. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. పన్ను శాఖ మీదా కాదు, పంచాయతీ మీదా కాదు, ఆ వీడియోల మీద.

మర్నాడు అతనితో కలిసి ఐసు పెట్టెల బండిలోనే మార్కండి వెళ్ళాను. ఒడ్డు పక్కన రేకుల షెడ్డు. కత్తిపీటల ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చుని, కబుర్లు ఆపకుండా చేపలు కోస్తున్నారు. పెద్దావిడ లేచి చెయ్యి కడుక్కుని నాకు స్టూలు వేసింది. పొట్టిమనిషి, గట్టి గొంతు. వరస అడక్కుండానే పిన్నీ అని పిలవాలనిపించింది, అలాగే పిలిచాను.

"నాను ఏటి తప్పు సేసినానమ్మా?" అంది. "నా మొగుడు సముద్రంలో పోయినాక కూలి కాక నా సేతిలో పడ్డ డబ్బులంటే ఆ పించినీయే. దాంతోనే మందులు కొనుక్కుంటన్నాను. అది ఆపేత్తారంట."

"ఆగదు పిన్నీ, నేనున్నాను," అన్నాను. అలా ధైర్యం చెప్పడం నాకు అలవాటు, చెప్పింది చెయ్యడం కూడా అలవాటే. "ఇది చాలా తేలిక. ఇక మీదట ఎవరి కూలి వాళ్ళ అకౌంటులో పడుతుంది. ఎవరు కోసిన చేప వాళ్ళ తూకం, ఎవరి పాన్ కార్డు మీద వాళ్ళ డబ్బు. నీ పేరు మీద నీ వాటా ఒక్కటే ఉంటుంది. పాత లెక్కలు నేను సరిచేస్తాను."

కోస్తున్నవాళ్ళంతా పిన్ని వైపు తిరిగారు. పిన్ని నా వైపు చూసి ఒకే ఒక్క మాట అంది.

"వొద్దు."

ఇంత మంచి సలహాకి వద్దన్నవాళ్ళు నాకు ఎప్పుడూ తగల్లేదు.

"వొద్దంటే వొద్దు. నా పేరు మీదే ఉండనీ. పించినీ పోతే పోనీ."

"ఎందుకు?"

ఆవిడ నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడొక ఇంటి అరుగు మీద పచ్చి బాలింతరాలు పసిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నెల రోజులై ఆ పిల్ల కత్తి పట్టలేదు.

"మా అమ్మ నాటి నుంచీ ఇదే పద్దతి," అంది పిన్ని. "కూలంతా ఒకలి సెంగులో పడతాది. అక్కడే కూకుని సమానంగా పంచుతాం. పురుడొచ్చినా, జొరమొచ్చినా, సెయ్యిరిగినా, రాని మనిషికీ ఒక వాటా తీత్తాం. నివ్వు తూకం ఎట్టి పంచితే ఈ గుంటకి ఏటొత్తాది? సున్న. మరి ఈ గుంట ఏటి తింటాది? నివ్వెడతావేటి?"

నా సలహా చెల్లకపోతే నాకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే తిరిగి బండెక్కాను. నాకు బాగా గుర్తు, ఆ దారంతా ఆ ముసలావిడ మొండితనాన్ని తిట్టుకుంటూ, మధ్యమధ్యలో నా కళ్ళు తుడుచుకుంటూ వచ్చాను. మందుల డబ్బులు వదులుకుంటాను గానీ పురిటిదాని వాటా వదలనంది. అలాంటి మనిషి పింఛను నా కళ్ళముందు పోవడం నేను ఒప్పుకునేది లేదు.

పక్కన కూర్చున్న స్టార్టప్ అబ్బాయి ఊరుకోకుండా ఒక ఉపాయం చెప్పాడు.

"మేడం, మొహం సూసి హాజరేసే యాప్ ఒకటుంది. షెడ్డులో పెట్టేస్తాను. ఎవరెప్పుడొచ్చారు, ఎవరు రాలేదు, అంతా అదే రాసేసుకుంటాది. రానివాళ్ళకి డబ్బులెందుకివ్వాలి?"

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

"హాజరు వేస్తావా? వేళకి రమ్మంటావా? రాకపోతే కూలి కోస్తావా? అలా చేస్తే వాళ్ళని స్వతంత్రంగా పని ఒప్పుకున్నవాళ్ళని ఎవరూ అనరు బాబూ, నీ ఉద్యోగస్తులంటారు. అప్పుడు పీఎఫ్ కట్టు, ఈఎస్ఐ కట్టు, సెలవులివ్వు. పురిటికి జీతంతో సెలవివ్వు! నువ్వు కొన్నది పని. మనుషుల్ని కాదు. చేప కోసి పెట్టాలి, అంతవరకే నీది. ఎవరు కోశారు, ఎవరు ఇంట్లో ఉన్నారు, డబ్బు ఎలా పంచుకున్నారు అనేది వాళ్ళ ఇష్టం."

"హెలా, హెలా," అన్నాడు అతను ఒడియాలో, సరేలెండి అని. అతను ఊరుకున్నాడు గానీ నేను నా మాట దగ్గరే ఆగిపోయాను. డబ్బు ఎలా పంచుకున్నారు అనేది వాళ్ళ ఇష్టం. మరి పొద్దున్న నేను చెప్పిన సలహా ఏమిటి? తూకం పెట్టి ఒక్కొక్కరికీ కొలిచివ్వమన్నది నేనే కదా. చట్టం అడగనిది నేనెందుకు అడిగానా అని నాకే నవ్వొచ్చింది. బండి బరంపురం చేరేసరికి ఒప్పందం మొత్తం నా తలలో తయారైంది.

వారం తిరక్కుండా మళ్ళీ మార్కండిలో ఉన్నాను. షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి కాగితం చదివాను. పని అందరూ కలిపి ఒప్పుకున్నట్టు. కూలి మొత్తం తూకం మీద. జట్టులో ఎవరున్నారో జట్టే చెబుతుంది, పనికి రాని రోజుల్లోనూ జట్టులో ఉన్న మనిషి జట్టులోనే ఉంటుంది. వాటాలు సమానం. కంపెనీ ఒక్కొక్కరి వాటా వాళ్ళ అకౌంటులోనే వేసి, ఒక్కొక్కరి పేరు మీదే పన్ను కోసి, ఒక్కొక్కరి పేరు మీదే చెబుతుంది.

పిన్ని అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు.

"పని సెయ్యనోల పేరు రాసినామని రేపు ఎవులైనా ఒచ్చి దొంగలెక్క అనరా?"

"అనరు. అంటే నా దగ్గరకి పంపించు. పడవ మీద వేట వాటాలు ఎలా పంచుకుంటారో ఎవరైనా వచ్చి అడుగుతారా? ఇదీ అంతే. దాచిపెట్టింది ఏమీ లేదు, అంతా కాగితం మీదే ఉంది."

ఆవిడ బాలింతరాలి వైపు చూసింది. "దీని ఫోన్లోనే పడతాదా?"

"దాని ఫోన్లోనే."

"మరయితే ఎయ్యి."

పాన్ కార్డులు లేనివాళ్ళకి కార్డులు తీయించిన రోజు షెడ్డు పెళ్ళిల్లయింది. ఫోటో అనగానే ఒకరి జడ ఒకరు దువ్వుకున్నారు, ఒకరి బొట్టు ఒకరు దిద్దుకున్నారు. చేపల కంపు ఫోటోలో పడదు కదా అని ఒకావిడ అడిగితే అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. పాత లెక్క సరిచేయడం నేను భయపడినంత కష్టం కాలేదు. సమానంగా పంచుకున్నవాళ్ళకి ఎవరికెంతన్న గొడవే లేదు. సవరణ రిటర్నులు వేశాను. పిన్నిని వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి, ఆవిడ పేరు మీద నిజంగా ఉన్నదెంతో చూపించాను. అక్కడి గుమాస్తా కాగితాలు రెండుసార్లు తిప్పి చూసి, ఇది పింఛనుకి అడ్డం రాదన్నాడు. బయటికొచ్చాక పిన్ని నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆ చేతికి ఉప్పు వాసన.

తర్వాత ఆ లెక్కలు నా చేతుల మీదుగా గడియారంలా నడిచాయి. బాలింతరాలు కత్తిపీట దగ్గరికి తిరిగొచ్చింది. ఇంకొకామె తల్లికి బాగాలేదని కొడలలోని పుట్టింటికి వెళ్ళి చాన్నాళ్ళు ఉండిపోయింది. ఆమె వాటా ఆమెకి అక్కడే అందింది. స్టార్టప్ అబ్బాయి హాజరు యాప్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మొన్న చలికాలంలో పిన్నికి కంటి ఆపరేషన్ అయింది. బరంపురంలోనే చేయించుకుంది. చూడ్డానికి వెళ్ళి, నీళ్ళూ పొగా తగలకుండా ఉండాలి, షెడ్డు వైపు వెళ్ళొద్దు అని గట్టిగా చెప్పి వచ్చాను. ఇంటికి వెళ్ళిన కొన్నాళ్ళకి ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసింది. గొంతులో కంగారు.

"అమ్మీ, నీ లెక్క తప్పిపోనాది. నా ఫోన్లో డబ్బులు పడ్డాయంట, మనవరాలు సదివింది. నానసలు షెడ్డుకే ఎల్లనేదు. ఎవులివో నాకొచ్చీసినాయి. ఎనక్కి తీసుకో."

ఎంతమందికో వాటాలు తీసిన ఆవిడకి తనకీ ఒకటి ఉంటుందని తోచలేదు. ఇన్నాళ్ళలో ఒక్క రోజూ ఆవిడ రాని మనిషి కాలేదు.

"తప్పు కాదు పిన్నీ. అది రాని మనిషి వాటా. నీదే."

ఆ మెసేజీ మనవరాలి చేత మళ్ళీ చదివించుకోవడం వినిపించింది. వెనక సముద్రం చప్పుడు.

"టాక్సు కోసినావా?" అంది చివరికి.

"కోశాను."

"నా పేరు మీదేనా?"

"నీ పేరు మీదే."

"అయితే నాదే," అంది పిన్ని.