తోడికోడళ్ల సంచులకు పట్టిన పచ్చబూజు

2023 వానాకాలం. అరకు కొండల్లోని ఊళ్లలో ఆడవాళ్లకు పుట్టగొడుగుల పెంపకం నేర్పడం నా ఉద్యోగం. బూజు చచ్చేలా ఉడికించిన గడ్డిని సంచుల్లో కూరి, మధ్యమధ్య స్పాన్ వేస్తాం. స్పాన్ అంటే పుట్టగొడుగు విత్తనం. గాలాడటానికి సంచికి చిల్లులు పెడతాం. లోపల తెల్లగా అల్లుకుంటే పంట వచ్చినట్టే. పచ్చబూజు కనిపిస్తే మాత్రం ఆ సంచి బయట పారేయాల్సిందే.

చిలకమ్మ, బుద్రి తోడికోడళ్లు. పక్కపక్క పాకల్లో సంచులు వేలాడదీశారు. బుద్రి కంటే ముందు సంతకు పట్టుకెళ్లాలన్న తొందరలో చిలకమ్మ గడ్డిని సగం ఉడకగానే దించేసింది. ఇంకేముంది, సంచులన్నీ పచ్చబడ్డాయి. బుద్రివి మాత్రం తెల్లగా పొంగాయి. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అదే జరిగింది. పంట పోయినందుకు కాదు, బుద్రి నవ్విందని చిలకమ్మ కుళ్లిపోయింది. నిప్పు కావాలనో ఉప్పు కావాలనో రోజూ తన పాకలోంచి నేరుగా బుద్రి పాకలో దూరి, సంచులు నొక్కి నొక్కి చూసేదట.

కొన్నాళ్లకు బుద్రి సంచుల మీదా పచ్చమచ్చలు లేచాయి. ఊరంతా చిల్లంగి అంది, అంటే చేతబడి. శకునం చెప్పే దిశారిని పిలిపిస్తానని బుద్రి మొగుడు కూర్చున్నాడు. దిశారి నోట చిలకమ్మ పేరు వస్తే ఆ ఊళ్లో ఆమెకిక నిలువనీడ ఉండదు.

నేను వెళ్లి చూశాను. మచ్చలన్నీ గుమ్మం దగ్గరి వరసలోనే, చెయ్యి అందేంత ఎత్తులోనే, చిల్లుల చుట్టూనే ఉన్నాయి. వెనక వరస శుభ్రంగా ఉంది. నాకు అర్థమైపోయింది. కానీ బూజు తెచ్చింది చిలకమ్మ చేతులే అంటే, ఊరు నన్నే సాక్ష్యం చేసుకుంటుంది. అందుకే పేరెత్తకుండా చూపించాలనుకున్నాను.

ఒక పచ్చ సంచిని ఎండలో తట్టాను. పొగలా పొడి లేచింది. ఇవి స్పోర్లు, బూజుకు విత్తనాలు, ఎవరి చేతికైనా అంటుకుంటాయని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. అప్పుడు రెండు అన్నం ముద్దలు చేయించాను. చిలకమ్మ చేత సబ్బుతో చేతులు కడిగించి ఒకటి ముట్టించాను. బుద్రి మొగుణ్ణి పచ్చ సంచి తడిమి రెండోది ముట్టమన్నాను. వాటిని కొత్త కవర్లలో కట్టి ఊరిపెద్ద ఇంట్లో వేలాడదీయించి, సంగతి తేలేదాకా దిశారిని పిలవొద్దని బతిమాలాను. కడిగిన చెయ్యి ముట్టిన ముద్దకూ గాలిలోంచి బూజు పట్టి నన్ను ముంచొచ్చు.

చిలకమ్మ ముద్ద పులిసింది కానీ పచ్చబడలేదు. రెండోది ముదురు పచ్చగా మారింది.

బుద్రి తన మొగుడి వైపు తిరిగింది. "అయితే నువ్వూ సిల్లంగోడివేనేటి?" అంది.

దిశారి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మంచి పాకలోకి ముందు, తెగులు పాకలోకి ఆఖరున వెళ్లాలని చిలకమ్మకు విడిగా చెప్పాను. ఇప్పటికీ ఆమె తోడికోడలి సంచులు చూడకుండా ఉండలేదు. మొన్న వెళ్తే పాక బయట చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటోంది.

"ఇంకా ఎందుకమ్మా చూడటం?" అన్నాను.

"సేతులు కడుక్కోమన్నావు, కడుక్కుంటన్నాను. దానివి నా వాటికన్నా బాగుంటే కడుపు మండుతాది తల్లీ. దానికేటి సెయ్యమంటావు?"

దానికి నా దగ్గర మందు లేదు. కానీ ఆ అన్నం ముద్దల నాటినుంచి ఏ ఊళ్లో పాఠం మొదలుపెట్టినా, స్పాన్ కంటే ముందు సబ్బు తీస్తున్నాను.