బడి కింద దిగిన నేల

మా సర్వేయరుగారు పోయారు. పొద్దున ప్రార్థన చేసుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయారని కొడవలూరు నుంచి ఆయన భార్య ఫోను చేసినప్పుడు నేను కృష్ణపట్నంలో డ్యూటీలో ఉన్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

గోదావరి వైపు ఒక బొగ్గుగనిలో నేను ఆయన కింద పనిచేశాను. ఇద్దరం నెల్లూరు వాళ్ళమని తెలిసి, చేరిన రోజే ఇంటికి పిలిచి ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టించారు. అక్కడ భూమి లోపల ఒక పెద్ద యంత్రం బొగ్గును పొడవునా కోసుకుంటూ పోతుంది. అది ముందుకు జరిగాక వెనక కప్పును కూలిపోనిస్తారు. కప్పు కూలితే పైన నేల కుంగుతుంది. ఎంత కుంగింది, ఎంత దూరం కుంగింది అని కనిపెట్టడమే మా పని. పొలాల్లో వరసగా రాళ్ళు పాతి వాటి మట్టం మళ్ళీ మళ్ళీ కొలిచేవాళ్ళం.

ఎవరింటికి వెళ్ళినా ఆయన ముందు గోడలు చూసేవారు. బీట కనబడితే గోటితో తడిమేవారు. మేం కొలత తప్పితే తిట్టేవారు కాదు, ఎండలో మళ్ళీ మొదటి రాయి దగ్గరికి నడిపించేవారు. దానికన్నా తిట్టే నయమనిపించేది. "నేల దిగిందంటే దిగినట్టే అబ్బయ్యా, దానికి పైవాళ్ళ సంతకం అక్కర్లేదు" అనేవారు.

గని పక్కన ఒక పల్లె ఉంది. కుంగుడు అక్కడిదాకా రాదని ప్లానులో రాశారు. వచ్చింది. బడి గోడకు సన్నటి బీట పడింది. ఆయన దానికి అడ్డంగా ఒక గాజుముక్కను సిమెంటుతో అతికించారు. బీట పెరిగితే గాజు పగులుతుంది. పగిలింది. ఇంకోటి పెట్టారు. అదీ పగిలింది.

మేనేజరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. యంత్రమన్నా ఆపండి, బడన్నా ఖాళీ చేయించండి అన్నారాయన. వచ్చే కొలతలదాకా చూద్దామన్నాడు మేనేజరు. ఊళ్ళో తెలిస్తే గొడవవుతుంది, బయట నోరెత్తొద్దని కూడా అన్నాడు.

"బళ్ళో పిల్లకాయలుండారు సార్" అన్నారు సర్వేయరుగారు.

మేనేజరు ఎవరికో ఫోను కలుపుకున్నాడు.

ఆయన అక్కణ్ణుంచి నేరుగా బడికి వెళ్ళి పంతులమ్మకు పగిలిన గాజు చూపించారు. ఆవిడ ఆ పూటే పిల్లల్ని చర్చి పాకలోకి తరలించింది. ఆ వారంలోనే బడి కప్పు కూలింది. పిల్లలెవరికీ ఏమీ కాలేదు. కానీ మధ్యాహ్న భోజనం వండే ఆమె అంతకు కాసేపటి ముందే గిన్నెల కోసం లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు.

వానకు గోడ నాని కూలిందని విచారణలో రాశారు. అది మార్చి నెల, ఎండలు ముదిరిన కాలం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆయన్ను సంతకం చేయమంటే చేయలేదు. లోపలి సంగతి బయటపెట్టారని స్టోర్సులో కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా మళ్ళీ సర్వే పని ఇవ్వలేదు. మేనేజరుకు ప్రమోషను వచ్చింది. యంత్రం కూడా ఆగింది, ఆ పక్క బొగ్గు అయిపోయాక.

రిటైరై కొడవలూరు వచ్చాక కూడా ఏటా క్రిస్మస్ ముందు ఆ వంటామె కూతురి దగ్గరికి వెళ్ళొచ్చేవారు. బడికి తాళం వేయించి రావాల్సింది నేను, అని ఆమెతో అనేవారట. ఆ మాట అనాల్సినవాళ్ళెవరూ ఆ ఊరివైపు చూడలేదు.

ఇప్పుడు నెల్లూరులో స్థిరపడిన ఆ మేనేజరు అంత్యక్రియలకు దండ పట్టుకొచ్చాడు. చర్చిలో లేచి నిలబడి, సర్వేయరుగారు బహు సౌమ్యుడని, పైవాళ్ళకు ఏనాడూ ఎదురు చెప్పలేదని మెచ్చుకున్నాడు. నేను లేవబోయాను. అంతకుముందే ఆయన భార్య కూర్చున్నచోటి నుంచే అన్నారు:

"ఎదురు చెప్పినాడయ్యా. నువ్వు వినలా. ఆ వంటామె కూతురు అదిగో, వెనక బల్ల మీద ఉండాది. ఆ ఎండల్లో వాన ఎప్పుడు పడిందో ఆమెకి చెప్పిపో."

అతను వెనక్కి చూడకుండా దండను బల్లమీద పెట్టి పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

సమాధి పూడ్చి అందరూ వెళ్ళిపోయాక ఆ వంటామె కూతురు మట్టి పక్కన కూర్చుంది. చెంబుతో కాసిని నీళ్ళు చల్లి, వదులుగా ఉన్న మట్టిని రెండు అరచేతులతో అదిమింది. అంచులదాకా అదుముకుంటూ పోయి, మళ్ళీ ఇటువైపు నుంచి మొదలుపెట్టింది. కొత్తమట్టి కదా, ఎంత అదిమినా దిగుతుందమ్మా, రైలుకు వేళవుతోంది అన్నాను. తెలుసన్నట్టు తలూపింది. చేతులు మాత్రం ఆగలేదు.