మరియమ్మ గుడికి అమ్మతో

రెండేళ్లుగా అమ్మ అడుగుతున్న ప్రయాణం ఇది. నాకు తిరుపతిలో గుమాస్తా ఉద్యోగం వస్తే చిత్తూరు అవతలి మరియమ్మ గుడిలో కొవ్వొత్తి వెలిగిస్తానని ఆమె మొక్కుకుంది. ఉద్యోగం వచ్చింది. కానీ నేను దాన్ని సంపాదించింది హిందువునని సర్టిఫికెట్ పెట్టి. క్రైస్తవులమని రాసి ఉంటే మా కులానికిచ్చే రిజర్వేషన్ దక్కేది కాదు. అందుకే ఏదో ఒక సాకుతో ప్రయాణం వాయిదా వేస్తూ వచ్చాను.

చివరికి ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు తిరుపతిలో కాట్పాడి పాసింజరు ఎక్కాం. పండుగ రోజులు కాకపోతే ఈ బండిలో కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. నేను స్టేషన్లోనే ఇడ్లీ తిన్నాను. అమ్మ ఒక్కపొద్దు, కొవ్వొత్తి వెలిగించేదాకా ఏమీ ముట్టనంది. బండి కదలగానే జపమాల తీసి పెదవులు కదిలించడం మొదలుపెట్టింది.

చంద్రగిరిలో మా ఆఫీసు హెడ్ క్లర్కు ఎక్కాడు. నన్ను చూసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"యాడికప్పా పయనం?"

"చిత్తూరు దగ్గర గుడికి సార్. అమ్మవారి గుడి."

ఆయన చూపు అమ్మ చేతిలోని జపమాల సిలువ మీద పడింది. "ఈయమ్మ నీతో వచ్చిందా?"

"లేదు సార్. ఎవరో తెలీదు," అన్నాను.

అమ్మ వేళ్లు ఆగిపోయాయి. నా వైపు చూడలేదు. జపమాల సంచిలో వేసుకుని, లేచి వెళ్లి తలుపు దగ్గర కింద కూర్చుంది. ఆయన ఇంక్రిమెంట్ల సంగతి చెబుతుంటే నేను తలూపుతూ ఉండిపోయాను.

పాకాలలో ఆయన దిగిపోయాడు. బండి అక్కడ చాలాసేపు ఆగింది. అమ్మ దగ్గరికి వెళ్లి, లోపలికి రమ్మన్నాను.

"ఈడ గాలి బాగుండాది నాయనా. నువ్వు పోయి కూర్చో. ఇంకెవరన్నా ఎక్కుతారేమో."

తొమ్మిదిన్నరకు చిత్తూరు చేరాం. అక్కడి నుంచి టౌను బస్సులో ముప్పావుగంట, ఆపైన చెరకు తోటల మధ్య ఒక మైలు నడక. గుడి అంటే పెంకులు కప్పిన ఒకే గది, నీలం ముసుగుతో మరియమ్మ బొమ్మ. ఆ వేళకు లోపల ఎవరూ లేరు. అమ్మ కొవ్వొత్తి వెలిగించి మోకరించింది. చదువు రాని మనిషి. పక్కింటామెతో మాట్లాడినట్టే మరియమ్మతో మాట్లాడుతుంది.

"ఆలస్యంగా వచ్చినాను తల్లీ, కోపం పెట్టుకోవద్దు. వాడికి ఉద్యోగం ఇచ్చినావు, సల్లగా సూడు. పొద్దున వాడన్న మాట మనసులో పెట్టుకోవద్దు. భయంతో అన్నాడు. నీకూ ఒక కొడుకుండాడు కదా."

నేను గడప దగ్గరే నిలబడిపోయాను. సిలువ గుర్తు వేసుకోబోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగాను. బయట ఒక మేక మేస్తోంది, అంతే. ఎత్తిన చేయి దించేశాను. ఆ క్షణాన నా మీద నాకు పుట్టిన రోత ఇప్పటికీ పోలేదు.

చిత్తూరు బస్టాండు పక్కన హోటల్లో భోంచేసి రెండున్నరకు తిరుపతి బస్సు ఎక్కాం. పూలబుట్టతో ఉన్న ఒకామె అమ్మను అడిగింది: "నీ కొడుకా అక్కా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది, చెప్పొచ్చా అన్నట్టు.

"అవును, మా అమ్మే. మరియమ్మ గుడికి పోయొస్తున్నాం," అన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఆ ఉదయపు బండే మంచిది. ఎండ ముదరకముందే గుడి చేరుకోవచ్చు. నాకు మటుకు ఆ ప్రయాణంలో మిగిలింది సిగ్గే. బస్సులో నన్నెరిగినవాళ్లు ఒక్కరూ లేరు గనకే అంత సులువుగా నిజం చెప్పగలిగాను. అమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా తిరుపతి దాకా నా చేయి పట్టుకునే కూర్చుంది.