మెక్సికో చూసొచ్చినాయన

దప్పికన్నవాళ్లకు నీళ్లు చూపినందుకు ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం. మా ఊరి పక్క గుట్టమీద పాత కోట, కోటలో రాతిని తొలిచిన నీళ్లగుండం ఒకటి ఉండేవి. ఊళ్లో బావులెండినా ఆ గుండంలో ఊట ఆగేది కాదు. ఎండలు ముదిరితే మా గొర్లకు అదే దిక్కు. అందుకే దానికో కట్టుబాటు. లోపలికి ఎవరూ దిగరు. గట్టుమీద నిలబడి బొక్కెనతో తోడి పక్కనున్న రాతితొట్టిలో పోస్తాం, గొర్లు తొట్టిలోనే తాగుతాయి. మా బాపు కూడా అందులో ఏనాడూ కాలు పెట్టలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. దప్పికన్నవాణ్ణి ఏ ఊరు, ఏ కులమని అడక్కుండా ముందు నీళ్లు చూపాలి. లేకపోతే మంద ఎండిపోతుందని బాపు నమ్మకం. నాకు అన్నదమ్ములు లేరు. మంద వెంట నేనే పోయేదాన్ని కాబట్టి ఈ రెండూ నాకు నూరిపోశాడు.

ఆ రోజు పాలమూరు నుంచి జీపులో నలుగురు వచ్చారు. పాత కోటలు చూసే సరదా వాళ్లది. అందులో ఒకాయన మెక్సికో దేశం చూసొచ్చాడట. ఎక్కిన ప్రతి మెట్టుకీ మెక్సికో మాటే. అక్కడి పట్నాలు, కొండలు, ఆకాశమంత మెట్ల గుళ్లు. "వాటి ముందు ఇదెంత?" అంటూ మా బురుజును చేతికర్రతో పొడిచాడు. అంత గొప్పవి చూసినవాడివి అక్కడే ఉండకపోయావా అనుకున్నాను.

"అమ్మాయ్, ఇక్కడ తాగడానికి నీళ్లున్నాయా?" అని ఆయనే అడిగాడు.

"ఉన్నయ్ సారూ. గా బురుజు యెనక గుండం. లోపలికి దిగొద్దు, బొక్కెన ఉన్నది, తోడుకోన్రి" అని చెప్పి, గొర్లను మళ్లించుకు రావడానికి దిగువకు పోయాను.

మందతో తిరిగొచ్చేసరికి జీపు లేదు. గుండం నిండా సబ్బు నురగ, తేలుతున్న మెతుకులు. నలుగురూ దిగి స్నానాలు చేసి, తిన్న గిన్నెలు కూడా అందులోనే కడుక్కుని పోయారు. తోడి తొట్టిలో పోస్తే పెద్దపొట్టేలు మూతి పెట్టి, చీది, వెనక్కి జరిగింది. ఇక ఒక్క గొర్రే ముందుకు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. జీపు పోయిన దిక్కు చూస్తూ నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

బాపు మూడు రోజులు గుండం ఎత్తిపోశాడు. ఆ మూడు రోజులూ నేను మందను రెండు కోసుల దూరం వాగుకు తోలాను. సూడిగొర్రె ఒకటి తోవలో కూలబడి మళ్లీ లేవలేదు.

"నువ్వే గద బాపూ చూపియ్యమన్నది!" అని ఏడ్చాను.

"చూపిచ్చుడు తప్పు గాదు బిడ్డా. దగ్గరుండి తోడిపొయ్యాలె. గదొక్కటి నీకు చెప్పకపోతి" అన్నాడు.

కొన్ని నెలలకు పంచాయతీ ఆఫీసుకొచ్చే పత్రికలో మా కోట బొమ్మ పడింది. మా ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనే కాబట్టి బాపు దాన్ని అడిగి తెచ్చాడు. రాసింది మెక్సికో ఆయనే. నరసంచారం లేని కోట అట. అదృష్టం కొద్దీ వాళ్లకే ఒక కొలను కనబడిందట, ఈత కొట్టి అలసట తీర్చుకున్నారట. మా రాతితొట్టి ఏ రాజుదో శవపేటిక కావచ్చునట. నేను లేను, మంద లేదు.

"మన గురించి ఏమన్న రాసిండా?" అన్నాడు బాపు, ఆశగా నా మొహంలోకి చూస్తూ.

"రాసిండు బాపూ. గొర్లకాడి పిల్ల నీళ్లు చూపి మా పానం నిలబెట్టిందని రాసిండు."

"సూసినవా? మంచోల్లే, పాపం. తెల్వక చేసిండ్రు."

బతికినన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాట చెప్పుకున్నాడు. మా ఊళ్లో ఆ మనిషికి దక్కిన మంచిపేరంతా నేను పెట్టిందే. బాపు చెప్పినప్పుడల్లా, అవునన్నట్టు, పళ్లు కొరుక్కుంటూ తలూపాను.