రాహేలమ్మ చదివిన ముప్పై మూడో సెక్షన్

రాహేలమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. ఎర్రగుంట్ల సిమెంటు లారీలు ఆగే ఓ చిన్న పట్టణంలో, పాత గోడౌను గోడ పక్కన ఆమెది బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీల బండి. ఇరవై రెండేళ్లుగా అదే చోటు. రోడ్డుకు అవతల లారీలో నిద్రపోతున్న డ్రైవరు కూడా "ఏమప్పా, ఉగ్గాని సల్లారిపోతాండాది" అని ఆమె ఒక్క కేక వేస్తే లేచి కూర్చుంటాడు. ఆదివారం అదే గొంతుతో చర్చిలో వాక్యం చదువుతుంది. వాక్యం చదువుతున్నంతసేపూ సంఘమంతా లేచి నిలబడటం అక్కడి ఆచారం. పాస్టరు ప్రసంగానికి కునుకు తీసేవాళ్లు కూడా రాహేలమ్మ పాఠానికి కళ్లు తెరిచే ఉంటారు.

అలాంటి మనిషికి ఒకరోజు మున్సిపాలిటీ నోటీసు వచ్చింది. రాష్ట్ర మున్సిపల్ చట్టం ప్రకారం వారంలోగా బండి తీసేయాలట. ఊరవతల వాళ్లు చూపించిన స్థలంలో లారీ కాదు కదా, కుక్క కూడా ఆగదు. ఈ చోటు పోతే తన బతుకు పోయినట్టేనని ఆమెకు తెలుసు.

ప్రొద్దుటూరు కోర్టులో ముప్పై ఏళ్లు టైపు కొట్టి రిటైరైన రెజీనా చర్చిలో ఆమె పక్కనే కూర్చుంటుంది. నోటీసు చూసి ముక్కు విరిచింది.

"వీధి వ్యాపారులకు ఢిల్లీలో రెండువేల పద్నాలుగులోనే చట్టం చేసినారు. బండ్లోళ్లను సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ కదిలించగూడదు. ఈడ సర్వేనే కాలేదు గదా."

"మన రాష్ట్రం చట్టం గూడా చట్టమే గదక్కా. రెండింట్లో దేని మాట ఇనల్ల?"

"ఆడోళ్లు వాక్యం సదవగూడదని మన సంఘం కమిటీ తీర్మానం రాసుకునింది, గుర్తుండాదా? సదవచ్చని సంఘాలన్నిటికీ పైనుండే డయోసిస్ కాగితమొచ్చినాక ఏమాయ?"

రాహేలమ్మకు ఎందుకు గుర్తుండదు, ఆ కాగితం వల్లే కదా ఆమె వాక్యం చదివే బల్ల దగ్గర నిలబడగలిగింది. "కమిటీ మాట కొట్టుకపాయ."

"ఆ ఒక్క మాటే కొట్టుకపాయ. చర్చికి సున్నం కొట్టేది, గంట కొట్టేది, సాపలు పరిచేది అన్నీ ఇప్పటికీ కమిటీ చేతిలోనే ఉండాయి. ఇదీ అంతే. ఢిల్లీ, రాష్ట్రం ఇద్దరూ చట్టం చేయగలిగిన సంగతిలో ఇద్దరి మాటా పొసగకుంటే, పొసగని కాడికి మామూలుగా ఢిల్లీదే నిలబడతాది. వీధి వ్యాపారుల చట్టం ముప్పై మూడో సెక్షన్లో గూడా ఆ చట్టమే చెల్లుతాదని రాసినారు."

ఆ సెక్షన్‌ను తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. మర్నాడు రాహేలమ్మ దాన్ని బైబిల్లో పెట్టుకొని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయింది. నోటీసు పంపిన అధికారి ఉమామహేశ్ ఫైలులోంచి తల ఎత్తలేదు.

"చట్టం మాకు అధికారం ఇచ్చిందమ్మా. నీ దగ్గర ఏముండాదో సదువు."

చదవమంటే ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. బైబిలు తెరిచి, కొంగు తలమీదికి లాక్కొని, గొంతు సవరించుకుంది. "ముప్పై మూడవ అధ్యాయము, మొదటి వచనము."

గుమ్మం దగ్గర స్టూలు మీదున్న అటెండరు దాసన్నది ఆమె సంఘమే. చటుక్కున లేచి చేతులు కట్టుకున్నాడు. అతన్ని చూసి కమిషనర్ వచ్చాడనుకొని గుమాస్తాలు లేచారు. వాళ్లను చూసి ఉమామహేశూ లేచాడు.

"ప్రస్తుతము అమలులోనున్న మరి ఏ చట్టములో దీనికి విరుద్ధముగా ఏమి ఉన్నను, ఈ చట్టమే చెల్లును."

"ఆమేన్" అన్నాడు దాసన్న, అలవాటు కొద్దీ.

ఉమామహేశ్ నిలబడే ఆ కాగితం రెండుసార్లు చదివి, కడపలో తమ వకీలుకు ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. చెడ్డవాడేం కాదు పాపం, చేతిలో ఉన్న పుస్తకానికి పైన ఇంకోటి ఉందేమో చూసుకోని మనిషి, అంతే. నోటీసు వాపసు తీసుకుంటామన్నాడు.

రెండు నెలలకు సర్వే మొదలైంది. మొదటి బండి ఆమెదే. ఉమామహేశే స్వయంగా వచ్చి రాసుకున్నాడు.

"ఎన్నేండ్ల నుంచి ఉండావు ఈ చోట?"

"ఇరవై రెండు, సార్."

రాసింది చదువుకొని సంతకం పెట్టమని కాగితం ఆమె చేతికిచ్చాడు. తన పేరు, దాని కింద పాత గోడౌను గోడ పక్కన అని తన చోటు. ఇరవై రెండేళ్లలో ఒక సర్కారు కాగితంలో ఆ చోటును ఆమె పేరున రాయడం అదే మొదలు. పైకి చదవబోతే రాహేలమ్మకు గొంతు రాలేదు. ఉమామహేశ్ ఆ కాగితం తీసుకొని తనే పైకి చదివాడు. చదివినంతసేపూ ఆమె తలమీద కొంగు కప్పుకొని, నిలబడి విన్నది.