కాయని చెట్లు

పోయినవి ముందు చెబుతాను: ముప్పై నాలుగు తునికి చెట్లు, వాటి మీది రెండు తేనెపట్లు, ఎండకాలానికి ఇరవై గంపల పండ్లు, నా లెక్క మీద మా మేనత్తకున్న నమ్మకం. నిన్న కరీంనగర్ బస్టాండు ముందర ఒకామె గోనెపట్టా మీద తునికిపండ్లు కుప్పలు పోసి కూర్చుంటే ఇవన్నీ గుర్తుకొచ్చాయి. కుప్పకు పదకొండు. ఒకటి నోట్లో వేసుకున్నాను. అదే మెత్తటి తీపి, చివర నాలుకను పట్టే వగరు. మిగతా పది తినబుద్ధి కాలేదు.

మేనత్తను ఇచ్చిన ఊరు భైంసా దిక్కు. నేను మరమగ్గాల మధ్య పెరిగినవాణ్ణి. బడి పదో తరగతితో ఆగింది. పోగులు లెక్కపెట్టడమే ఆ తర్వాతి చదువు. పెళ్లికి పోయినా పందిరి గుంజలు లెక్కపెడతానని ఇంట్లో నవ్వుతారు. అత్తవాళ్ల చేనికి మూడు దిక్కులా పత్తి, నాలుగో దిక్కు రోడ్డు. ఒకప్పుడు గుట్ట దాకా పరుచుకున్న అడవిలో వాళ్లకు మిగిలింది రెండెకరాల తునికివనం. మామ పోయాక ఇంట్లో అన్నిటికీ కొడుకు మాటే. ఆమె మాట చెల్లేది ఆ వనంలోనే. పండ్లు తనే ఏరేది, అంగడికి తనే మోసేది. ఆ కొడుకు, అంటే మా బావ, అక్కడ కూడా పత్తి పెడతానన్నాడు. తల్లీకొడుకులకు మాటలు బందయ్యాయి. తగువు తెంపమని నన్ను పిలిచారు.

ఎండకాలం, చెట్ల మీద పండ్లున్న రోజులు. సున్నం డబ్బా పట్టుకుని కాసిన ప్రతి చెట్టుకూ బొట్టు పెట్టాను. మొత్తం అరవై ఒకటి. కాసినవి ఇరవై ఏడు, కాయనివి ముప్పై నాలుగు. కాసేవి ఉంచి, కాయనివి తీసేయమన్నాను.

“మంచిగ చూసినవా అల్లుడా? చెట్లు ఊకెనే ఉంటయా?” అంది అత్త.

“రెండుసార్లు లెక్కవెట్టిన అత్తా. ఒక్క కాయ లేదు.”

“గొడ్డు చెట్లను పెట్టుకోని పూజ జేస్తవా అవ్వా?” అన్నాడు బావ.

అత్త నా దిక్కు తిరిగింది. “సరే. నువ్వు లెక్కజేసినవంటే గదే ఖాయం.”

చలికాలంలో జేసీబీ వచ్చింది. మొదళ్లతో సహా పెకిలించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మరుసటి ఎండకాలం పండ్లు ఎప్పటిలాగే వచ్చాయి. అత్త నాకు గంపెడు పంపింది, నేను నలుగురికీ చెప్పుకుని తిన్నాను. తునికి పూసిన ఏడాదికి గానీ పండదనీ, మేం తిన్నది నిరుటి పూత అనీ నాకు తెలియదు. ఆ పైయేడు గంప అడుగు కూడా నిండలేదు.

మూడో ఏడు పూత మీద పోయాను. వనంలో ప్రతి చెట్టూ పూసింది, ఒక్కో చోట ఒక్కో పువ్వు. గుట్టకు నడిచి చూస్తే అక్కడ కొన్ని చెట్లకు ఒంటి పువ్వులు, కొన్నిటికి మూడేసి, నాలుగేసి గుత్తులు. ఆ గుత్తుల చెట్ల కింద ఒక్క గింజ లేదు. అప్పుడు తెలిసింది: తునికిలో ఆడ చెట్టు వేరు, మొగ చెట్టు వేరు. నేను తీయించినవన్నీ మొగవి. వనానికీ గుట్టకూ నడుమ రెండు కిలోమీటర్ల చెట్టులేని నేల. అది దాటి మొగ చెట్ల పుప్పొడి మోసుకొచ్చే తేనెటీగలు ఎన్నని?

బావ మాత్రం సంతోషంగానే ఉన్నాడు. “పరేషాన్ గాకు. ఇరవై ఏడు నలభై అయినయి, చూడు.” అవి వేరు పిలకలు. వేరు నుంచి లేచింది ఆ తల్లే. ఎన్ని లేచినా ఒక్క చెట్టు కిందే లెక్క, అన్నీ ఆడవే. రోడ్డు పక్కనున్న రెండు చెట్లు కాసిన కాసిన్ని గింజలూ నాటాను. గుట్ట మీది మొగ చెట్టు ఏదో ఒక్కటే వాటన్నిటికీ తండ్రి అయి ఉంటుంది. మొలకలు సన్నగా లేచి, వానలు తగ్గగానే వాడిపోయాయి.

అత్తకు చెప్పాను. తిట్టలేదు. “గొడ్డు చెట్లని మీరే అంటిరి. గిప్పుడు నా చెట్లనే గొడ్డువి జేస్తిరి గద అల్లుడా,” అంది. ముప్పై నాలుగు మొగచెట్లు నిలబెట్టిస్తానని మాటిచ్చాను.

అప్పటినుంచి మూడు గుట్టల మీది చెట్ల గింజలు కలిపి ఏటా వనంలో నాటుతున్నాను. మేకలు కొన్ని తింటాయి, నాగలి కొన్ని తీస్తుంది. బతికినదాన్ని ఆడదో మొగదో పూసేదాకా చెప్పలేం. ఈ చైత్రంలో అత్త ఫోన్ చేసింది. “ఒకదానికి మూడేసి పూసినయి. నేను జెప్తె ఏంది, వచ్చి లెక్కవెట్టుకో.”

పోయి లెక్కపెట్టాను. నిజమే. ఒకటిన్నర రోజులో పోయినవాటిలో పన్నెండేళ్లకు ఒకటి తిరిగొచ్చింది. నాకు యాభై నాలుగేళ్లు. అత్తకు ఇంకా ముప్పై మూడు బాకీ.