కుంచె వేసిన ఎరుపు

నేను కొన్నాళ్ళు అద్దెకున్న ఇంట్లో మేడ మీద వాటాలో ఒకాయన ఉండేవాడు. అందరూ కుంచె అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆఫీసు గుర్తింపు కార్డు మీద మాత్రమే ఉండేది. సగం జీవితం దుకాణాల బోర్డులు రాశాడు. అక్షరం ఒంపు తిరిగే చోట ఊపిరి బిగబట్టి, గీత తెగకుండా లాగి, అప్పుడు వదిలేవాడట.

చేత్తో గ్రంథాలు రాసుకున్న రోజుల్లో చాలా దేశాల లేఖకులు ఎర్ర సిరాను దాచి దాచి వాడేవారు. అధ్యాయం మొదట్లో ఒక్క అక్షరానికి, మహా అయితే ఒక పంక్తికి. పేజీ అంతా ఎరుపైతే ఎరుపుకి విలువేముంది? కుంచె ఆ గ్రంథాలేవీ చూడలేదు. ఎరుపు మీద అతనికున్న నమ్మకం ఇంకో రకం.

"వద్దు, కూడదు అని రాసేవాడికి పని రానట్టే. ఎర్రగా రాస్తే వద్దనే కదా!" అనేవాడు.

ఫ్లెక్సీలు వచ్చి అతని నోట్లో మట్టి కొట్టాయి. చివరికి ఒక వంటగ్యాసు కంపెనీ శిక్షణ విభాగంలో, ఏడాదికోసారి పొడిగించే ఒప్పందం మీద, స్లైడ్లు తయారుచేసే పని దొరికింది. భార్య తమ్ముడు కూడా అక్కడికే వచ్చాడు. ఫిర్యాదుల ఫోన్లెత్తే పని, ఇంకా పర్మనెంటు కాలేదు. పుట్టుగుడ్డి. ఆఫీసు కంప్యూటర్ స్లైడ్లను పైకి చదువుతుంటే హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని వినేవాడు. ఉండేది అక్క ఇంట్లోనే.

శిక్షణ చూసే మేడం కుంచెకు మొదటి వారంలోనే చెప్పింది. "రంగులు మీరు వేయకండి. ఆ వాక్యం ఏమిటో గుర్తు పెట్టండి చాలు. హెచ్చరికైతే హెచ్చరిక, ముఖ్యమైతే ముఖ్యం. రంగు దానంతటదే వస్తుంది. చదివే గొంతు కూడా అక్కడ ఆగి, 'హెచ్చరిక' అని చెప్పి మరీ చదువుతుంది. ఉత్త రంగు వేస్తే దానికేం తెలుస్తుంది?"

"దానంతటదే వచ్చేదానికి నేనెందుకమ్మా ఇక్కడ?"

మేడం నవ్వింది. ఇంకోసారి కూడా చెప్పింది. కుంచె తలూపాడు, చేసేది చేశాడు. గుర్తులు పెట్టే పని గుమాస్తా పనిలా తోచింది అతనికి. వాక్యాన్ని మౌస్‌తో పట్టుకుని, తను కలిపిన ఎరుపు తనే పూసేవాడు. డైరెక్టరు ఒకసారి తెర ముందు ఆగి "బాగుందయ్యా, కొట్టొచ్చినట్టుంది" అన్నాడు. ఆ మాట ఇంట్లో చాలా రోజులు నడిచింది.

"బావా, నీ స్లైడ్లన్నీ ఒకే గొంతుతో చదువుతోంది ఆ కంప్యూటర్ మహాతల్లి. ఎక్కడ గట్టిగా అన్నావో పట్టు దొరకడం లేదు," అన్నాడు బావమరిది ఒకనాడు భోజనాల దగ్గర.

"గట్టిగానే అన్నాన్రా. వీధి చివరికి కనబడేంత గట్టిగా."

"అయితే వీధి చివరికెళ్ళి వింటాలే."

అక్క పొలమారేలా నవ్వింది.

గ్యాసు కారుతోందని ఫోనొస్తే ఏం చెప్పాలో ఒక స్లైడు ఉంది. కిటికీలు తెరవమనండి. సిలిండరు కట్టేయమనండి. ఫ్యాను వేసి వాసన పోగొట్టమనండి. బయటికి నడవమనండి. మూడోది ఎర్రగా ఉంది. అంటే చెప్పకూడదని. 'వద్దు' అన్న మాట స్లైడులో ఎక్కడా లేదు. బావమరిది నాలుగూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టాడు.

పర్మనెంటు చేసే పరీక్ష హాల్లో, అందరి ముందు జరిగింది. మేడం గ్యాసు కారుతున్న ఇంటావిడలా నటిస్తూ ఫోనులో గాబరాపడింది. బావమరిది తొణక్కుండా మొదలుపెట్టాడు. కిటికీలు చెప్పాడు, సిలిండరు చెప్పాడు. ఆ పైన ఎంతో మెత్తగా, "ఇప్పుడు ఫ్యాను వేయండమ్మా, వాసన పోతుంది," అన్నాడు.

"ఇల్లు కూడా పోతుంది!" అన్నారెవరో. హాలు గొల్లుమంది.

"స్విచ్చి నొక్కితే నిప్పురవ్వ లేస్తుందయ్యా. ఎవరు చెప్పారు మీకిది?" అంది మేడం.

"స్లైడులో ఉంది మేడం."

తెర మీద స్లైడు వేశారు. డైరెక్టరు దాన్ని చూసి, బావమరిది వంక చూశాడు. "ఇంత ఎర్రగా రాసి ఉంటే కనబడలేదా నీకు?" అని, తనే నాలుక కరుచుకున్నాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది.

మేడం మాత్రం నవ్వలేదు. వెనక వరసలో ఉన్న కుంచె వైపు తిరిగింది. "దీనికి హెచ్చరిక గుర్తు పెట్టారా?"

లేదంటే ఈ ఏడాదితో ఒప్పందం ఆఖరు. అవునంటే బావమరిది పని పోతుంది. కుంచెకు రెండూ తెలుసు.

"పెట్టానమ్మా," అన్నాడు.

ఆ వాక్యం మీద నొక్కి చూస్తే గుర్తు లేదని తెలిసిపోయేది, ఎవరూ చూడలేదు. పరీక్షకు తరవాతి మనిషి అప్పటికే వచ్చి నిలబడ్డాడు. బావమరిది చెవులకున్నవి తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. ప్రాణాలతో ముడిపడ్డ పనికి విన్నది కూడా అర్థం కానివాడు పనికిరాడని సాయంత్రం కాగితం ఇచ్చారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క ఆగలేకపోయింది. "ఏమండీ, మీరూ అదే ఆఫీసు కదా! అంతమంది కలిసి వాణ్ణి గేలి చేస్తుంటే ఒక్క మాట అనలేకపోయారా?"

కుంచె మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు.

"బావ ఆ హాల్లో లేడక్కా," అన్నాడు తమ్ముడు. అక్క వైపు తిరగలేదు, బావ కుర్చీ వైపు తిరిగి అన్నాడు. "ఉంటే ఊరుకునేవాడా?"

"అదీ నిజమేలే," అని ఆవిడ మొగుడికి మారు వడ్డించింది.